కడగరాని చెయ్యి

మా ఆయన నాకు ఏళ్లుగా చూపించని చేతిని ముక్కూ మొహం తెలియని ఒక పిల్లకు అరగంటలో చూపించాడు. అదీ మా ఇంట్లోనే, నేను చాయ్ కప్పులు పట్టుకుని గది బయట నిలబడి ఉండగా. ఒళ్లు మండిపోయింది నాకు. ఆ పిల్ల మీద కాదు, ఆయన మీదా కాదు. ఎవరి మీదో తెలియక ఇంకా ఎక్కువ మండింది. చాయ్ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడి, మళ్లీ వేడి చేసుకురావడానికి వంటింట్లోకి పోయాను.

మెదక్‌లో మాకు పిండి గిర్ని ఉంది. నేను పాపన్నపేట వైపు ఒక చిన్న బడిలో పంతులమ్మను. పొద్దున షేర్ ఆటోలో ఇరుక్కుని పోతాను, సాయంత్రం అలాగే ఇరుక్కుని వస్తాను. గిర్ని ఆయనది. జొన్నలు, గోధుమలు, ఎండాకాలం వస్తే కారం, పసుపు. నడుస్తున్న మోటారు మీద బెల్టు జారితే, బంద్ చేయకుండానే చేత్తో ఎక్కించడం ఆయనకు అలవాటు. వద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నా, "నా గిర్ని నాకు తెల్వదా" అనేవాడు. ఒకనాడు ఆ బెల్టు ఆయన కుడి చేతిని లోపలికి లాక్కుంది. హైదరాబాద్ దవాఖానలో మణికట్టుకు కాస్త పైన తీసేశారు.

మనిషి దక్కాడు, అదే చాలనుకున్నాను. చెయ్యి పోవడమంటే ఏమిటో ఇంటికి వచ్చాక తెలిసింది. కట్లు విప్పిన రోజే ఆ చేతి మీద ఒక తువ్వాల కప్పుకున్నాడు. ఆ తువ్వాల మళ్లీ తీయలేదు. ఉతకాలంటే ఇంకోటి ఇచ్చి, వీపు తిప్పుకుని మార్చుకున్నాక ఇచ్చేవాడు. స్నానానికి పోతే లోపలి నుంచి గడియ. కొబ్బరినూనె రాస్తానంటే "నువ్వు పో" అనేవాడు. లేని వేళ్లు గుంజుతున్నాయని అరుగు మీద ఒక్కడే కూర్చుని మూలిగేవాడు. ముప్పై ఏళ్లు కాపురం చేసిన దాన్ని, నాకేమిటి ఈ శిక్ష అనుకునేదాన్ని. ఒకటి రెండు సార్లు పైకే అన్నాను.

అన్నిటికన్నా నన్ను కోసింది ఆయన తిండి. వంటింట్లో గోడ వైపు తిరిగి కూర్చుని, ఎడమ చేత్తో చెంచా పట్టుకుని గబగబా తినేవాడు. మధ్యలో నేను పోతే ఆపేసేవాడు. ఎడమ చేత్తో బువ్వ తినడం ఎవరూ చూడకూడదు, అదీ ఆయన పట్టు. పెళ్లిళ్లకు వస్తాడు, పంక్తిలో కూర్చోడు. "ఇప్పుడే తిన్న" అని అబద్ధం చెప్పి బయట బండి దగ్గర నిలబడతాడు. అక్షింతలు కూడా నాతోనే వేయించేవాడు. బంధువులంతా తెలిసిన వాళ్లే, ఎవరూ ఏమీ అనరు. అనకపోవడమే ఆయనకు ఇంకా కష్టంగా ఉండేది.

అలాంటి మనిషికి మనుమరాలు పుట్టింది. మాకు ఒక్కతే కూతురు. పాపకు మేనమామ లేడు కాబట్టి అన్నప్రాసననాడు మొదటి ముద్ద తాతే పెట్టాలి. మా బిడ్డ అయితే ఇంకో మాట లేదన్నట్టు ఫోనులో చెప్పింది.

"నాయినా, ఐదో నెల రాంగనే మనింట్లనే అన్నం ముట్టిద్దాం. నువ్వే ముట్టియ్యాలె."

ఆయన ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు. తరవాత, "శుభం అని చేస్కుంట ఎడమ చెయ్యితోని ముట్టియ్యమంటవా? ఇంకెవర్నన్న చూస్కోండ్రి బిడ్డా" అని ఫోను నా చేతిలో పెట్టి గిర్నికి వెళ్లిపోయాడు. అవతల మా బిడ్డ ఏడుస్తోంది. దాని ఒళ్లో పసిది కూడా ఏడుస్తోంది. నాకు ఎవరిని ఓదార్చాలో తెలియలేదు.

ఆ సమయంలోనే చేతికి కసరత్తు చేయించే ఫిజియోథెరపీ డాక్టరు ఒక సంగతి చెప్పాడు. హైదరాబాద్‌లో కొత్తగా పెట్టిన చిన్న కంపెనీ ఒకటి బ్యాటరీతో నడిచే చెయ్యి తయారు చేస్తోందట. ఇంకా అమ్మకానికి రాలేదు. పెట్టుకుని వాడి చూసి, ఎలా ఉందో చెప్పే మనుషులు కావాలట. "మీకు ఇష్టమైతే వాళ్లే ఇంటికొస్తరు" అన్నాడు. నేను నమ్మలేదు. నీళ్లు శుద్ధి చేసే మిషన్లు, నడుము నొప్పికి మంచాలు అమ్మేవాళ్లు కూడా ముందు అలాగే ఇంటికొచ్చి, ఊరికే చూడమంటారు. ఆయన మాత్రం "రానీ" అన్నాడు. ఎందుకన్నాడో నాకు తెలుసు.

వచ్చింది ఒక ఆడపిల్ల. మా బిడ్డ కన్నా చిన్నది. వీపుకు బ్యాగు, చేతిలో పెట్టె, నర్సాపూర్ మీదుగా వచ్చే బస్సు దిగి ఎండలో నడుచుకుంటూ వచ్చింది. ఇంజనీరునని చెప్పింది. వాళ్లది కూడా నర్సాపూర్ దగ్గర పల్లెటూరేనని చెప్పాక నా మొహం కాస్త మెత్తబడి ఉంటుంది, "మంచినీళ్లు ఇస్తరా ఆంటీ" అని అడిగింది.

ఆయనను గదిలో కూర్చోబెట్టి తువ్వాల తీయమంది. తీయడని నేను ధీమాగా ఉన్నాను. చాయ్ పెట్టుకుని వచ్చేసరికి తీశాడు. అప్పుడే నాకు ఒళ్లు మండింది. లోపల ఆ పిల్ల కొలతలు తీసుకుంటూ మాట్లాడుతోంది.

"వేళ్లు ఉన్నయనుకొని ముడవండ్రి అంకుల్. లేకున్నా సరే. మీ మెదడు చెప్తనే ఉంటది, ఈ కండరాలదాక వార్త వస్తనే ఉంటది. ఇక్కడ చర్మం మీద సన్నగ కరెంటు పుడతది. దాన్ని మా మిషన్ పట్టుకుంటది."

"అంటే వేళ్లు పోయిన సంగతి నా చేతికి ఇంకా తెల్వదా బిడ్డా?"

"తెల్వదు అంకుల్. అదే మనకు మంచిదైంది."

ఆయన నవ్విన చప్పుడు వినిపించింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే మళ్లీ కోపం వచ్చింది, నేను నవ్వించలేకపోయాను కదా అని.

కొన్ని వారాలకు చెయ్యి వచ్చింది. నల్లటి ప్లాస్టిక్ వేళ్లు, మణికట్టు దగ్గర చిన్న పచ్చ లైటు, లోపల మోటార్లు. ముడిస్తే ఈగ ముసిరినట్టు సన్నగా చప్పుడు. మొదట టమాట పట్టుకోమంది ఆ పిల్ల. పట్టుకున్నాడు. గోడ మీద, నా చీర మీద, ఆ పిల్ల కళ్లద్దాల మీద టమాట. "ఏం కాదు, అందరూ మొదట్ల గిట్లనే చేస్తరు" అని కళ్లద్దాలు తుడుచుకుంది. ఆయన మాత్రం నా వైపు చూసి, "ఎన్నడు పలగ్గొట్టలేదు గింత మంచిగ" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు పాత మనిషి కనిపించాడు నాకు.

ఆ పిల్ల వారం వారం వచ్చేది. వచ్చినప్పుడల్లా వాళ్ల సంగతులు చెప్పేది. వాళ్లది ఒక పెద్ద బిల్డింగులో కిరాయికి తీసుకున్న రెండు గదుల ఆఫీసు. పక్క గదిలో ఇంకో కంపెనీ వాళ్లు సూది గుచ్చకుండా షుగర్ చూసే పట్టీ చేస్తున్నారట. పై అంతస్తులో వాళ్లు గుండె చప్పుడు వినిపిస్తే రోగం పసిగట్టే ఫోను చేస్తున్నారట. అందరూ చిన్న పిల్లలే, అందరికీ పరేషానే. ఒకనాడు మూతపడి బోర్డు తీసేసిన కంపెనీ వాళ్లు సామాను లిఫ్టులో దింపుకుంటుంటే మిగతా వాళ్లు బయటకు వచ్చి చూడలేక తలుపులు వేసుకున్నారట. ఇదంతా చెబుతూ నేను పెట్టిన ఉప్మా తినేది. వింటుంటే నాకు ఒకటి అనిపించేది. కొత్త మందైనా కొత్త మిషనైనా మొదట ఎవరో ఒకరి ఒంటి మీద పని చేయాలి కదా. ఆ ఎవరో ఒకరు ఎక్కడో ఉంటారనుకున్నానే గానీ, మా ఇంట్లో తువ్వాల కప్పుకుని కూర్చుంటాడని ఎన్నడూ అనుకోలేదు.

గిర్నికి కూడా చెయ్యి పెట్టుకుని పోవడం మొదలుపెట్టాడు. దుమ్ము పడకుండా నేను కుట్టిచ్చిన గుడ్డ సంచి తొడుక్కునేవాడు. మిషను చేత్తో బస్తా మూతి పట్టుకుని ఎడమ చేత్తో సుతిలి తాడు చుట్టేవాడు. పిండి పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు పిండి మరిచిపోయి చెయ్యి చూసేవాళ్లు. ఇంతకాలం ఆ పనికి ఇంకొకరిని పిలవాల్సి వచ్చేది. ఆ మిషను ఆయనకు చేసిన మేలు చిన్నది కాదు, అది నేను ఒప్పుకోవాలి. ఇప్పటికీ గిర్నిలో దానితోనే పని చేస్తున్నాడు.

కానీ ఆయన మనసంతా అన్నప్రాసన మీదే. బంగారు ఉంగరాన్ని పరమాన్నంలో ముంచి పాప నాలుక మీద రాయాలి. అది సాధన చేయాలంటే ఒక నోరు కావాలి. పాప స్థానంలో నన్ను కూర్చోబెట్టాడు.

"నోరు తెరువు."

తెరిచాను.

"ఇంక జర తెరువు."

"ఎంత తెర్వాలెనయ్యా, ఇదేమన్న నీ గిర్ని డబ్బానా?"

అన్నానో లేదో ఉంగరం పళ్లకు టక్కున తగిలింది, పెదవి చిట్లింది. పసిపిల్లకు పళ్లుండవు కాబట్టి లెక్క లేదన్నాడు. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. మర్నాడు మళ్లీ నోరు తెరిచి కూర్చున్నాను. రోజూ కూర్చున్నాను. నెమ్మదిగా ఉంగరం పెదవి దాటి నాలుక మీదికి మెత్తగా రావడం మొదలైంది. బళ్లో పిల్లలు "టీచర్, మూతికేమైంది" అని అడిగితే, తలుపు తగిలిందన్నాను.

ఒక్కటే చిక్కు. ఆయనకు కంగారు పుడితే ముంజెయ్యి బిగుసుకుంటుంది. బిగుసుకుంటే మిషను దాన్ని మాటగా తీసుకుని వేళ్లు ముడిచేస్తుంది. "కంగారుకూ ఇష్టానికీ తేడా దానికింకా తెల్వదు అంకుల్, దాని మీదనే పని చేస్తున్నం" అని ఆ పిల్ల చెప్పింది. ఆయన తలూపాడు. లోపల భయపడ్డాడని నాకు అర్థమైంది.

అన్నప్రాసన ఇంకా వారం ఉందనగా ఒక ఆదివారం ఆ పిల్ల వచ్చింది. ఆయన చెయ్యి పెట్టుకుని ఎలా తింటాడో చూడాలంది. నేను అన్నం, పప్పు, పచ్చిపులుసు చేశాను. వంటింట్లో పెట్టబోతుంటే ఆయన "హాల్ల పెట్టు" అన్నాడు. నా చెవులను నేను నమ్మలేదు. చాప పరిచి ముగ్గురికీ ఎదురెదురుగా కంచాలు పెట్టాను. చెయ్యి పోయినప్పటి నుంచి ఆయన ఒకరి ఎదురుగా కూర్చుని తినబోవడం అదే మొదలు. ఆ పిల్ల చెంచా తీసి మిషను వేళ్ల మధ్య పెడదామని బ్యాగులో వెతుకుతోంది.

ఆయన కంచం ముందు సర్దుకుని కూర్చున్నాడు. ఎడమ చేత్తో చెంబు అందుకున్నాడు. కుడి చేతిని పక్కనున్న ఖాళీ పళ్లెం మీదికి చాపి, ఆ నల్లటి వేళ్ల మీద నీళ్లు పోసుకుని శుభ్రంగా కడుక్కున్నాడు.

ఎవరం ఆపలేకపోయాం. అంత మామూలుగా చేశాడు. నేను పక్కనే ఉండి కూడా తప్పు ఏమిటో చూడలేదు, అన్నం వడ్డిస్తూనే ఉన్నాను. పచ్చ లైటు రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. వేళ్లు సగం ముడుచుకుని అలాగే ఉండిపోయాయి. ఆ పిల్ల చెంచా పట్టుకుని నోరు తెరిచి చూస్తోంది. నీళ్లు తగలకూడదని మొదటి రోజే చెప్పింది. స్నానం చేసేటప్పుడు తీయాలని, వానలో తడపకూడదని. ఆయన అన్నీ పాటించాడు కూడా.

"బువ్వ ముంగట చెయ్యి కడుక్కోకుంట ఎట్ల తింట బిడ్డా" అన్నాడు, చాలా నెమ్మదిగా. ఆ తరవాత ఏం చేశాడో ఆయనకే అర్థమై, మొహం మాడిపోయింది.

ఆ పిల్ల గుడ్డతో చెయ్యి తుడుస్తూ ఏడ్చింది. పాడైనందుకు అనుకున్నాను. తిట్టే మాట నాలుక చివరికి వచ్చి ఆగిపోయింది.

"మేం అందరం చేత్తోనే తింటం ఆంటీ" అంది. "రోజూ ఆఫీసుల చేతులు కడుక్కొనే డబ్బా తెరుస్తం. కానీ పరీక్షలన్నీ బయట దేశపోళ్లు చేసినట్టే చేసినం. సీసా మూత తీసుడు, తాళం తిప్పుడు, చెంచా పట్టుడు. చెయ్యి కడుగుడు ఒక్కరికి యాదికి రాలే. అంకుల్ దాన్ని నిజంగ చెయ్యి అనుకున్నడు. అనుకున్నడు గనుకనే పాడైంది."

ఎన్నేళ్ల తరవాతో ఆయనకు తన కుడి చెయ్యి తనకుందనిపించింది. అనిపించిన ఆ క్షణాన్నే అది చచ్చిపోయింది. ఎవరి తప్పు అని అడిగితే ఏం చెబుతాం? ఆయనదీ కాదు, ఆ పిల్లదీ కాదు. ఆ పూట ఎవరమూ తినలేదు. పచ్చిపులుసు అలాగే ఉండిపోయింది.

తువ్వాల మళ్లీ వచ్చేసింది. గోడ వైపు తిరిగి తినడమూ వచ్చేసింది. మా బిడ్డకు ఫోను చేసి, "మీ అత్తగారినే ముట్టియ్యమను" అన్నాడు. ఈసారి దానికీ కోపమొచ్చి ఫోను పెట్టేసింది.

రెండు రోజులకు ఆ పిల్ల నాకు ఫోను చేసింది. చెయ్యి బాగవుతోందట, అన్నప్రాసన పొద్దునకు తెస్తుందట. నీళ్లు లోపలికి పోకుండా మణికట్టు దాకా తొడుగు కూడా చేస్తున్నారట. అంతవరకు బాగానే ఉంది. తరవాత గొంతు తగ్గించి, "ఆంటీ, అంకుల్ పాపకు తినిపిస్తుంటే వీడియో తీసుకుంటం. మా సార్ అడగమన్నరు" అంది.

"మా మనుమరాలు మీకు అడ్వర్టైజ్‌మెంటా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. నా నోరు గురించి మా వీధిలో అందరికీ తెలుసు, హైదరాబాద్‌లో కూడా తెలిసింది.

ఆ పిల్ల అంతా విని, "నిజం చెప్తున్న ఆంటీ. పెట్టుబడి పెట్టేటోళ్లకు చూపెట్టడానికి మా దగ్గర ఏం లేదు. సీసా మూత తీసే వీడియోలు అందరి దగ్గర ఉన్నయి. వాళ్లు ఒప్పుకోకుంటే మేం మూసుకుంటం. మూసుకుంటే అంకుల్ చెయ్యి పాడైతే బాగుచేసేటోళ్లు కూడ ఉండరు" అంది.

అలా బతిమాలడం ఆ పిల్లకూ ఇష్టం లేదని గొంతులోనే తెలుస్తోంది. ఆయనకు చెబితే, నేననుకున్నట్టు కోప్పడలేదు. "తీస్కోనియ్యి. ఆ బిడ్డ మన కోసం గంత దూరం వస్తలేదా" అన్నాడు. అలా ఒప్పుకున్నాం. ఒప్పుకున్నాక నాకు ఇంకో భయం పట్టుకుంది. ఇప్పుడు తినిపించాల్సింది పాపకు మాత్రమే కాదు, ఎవరో తెలియని పెద్దమనుషులకు కూడా చూపించాలి. కంగారు పడితే బిగుసుకునే చేతికి ఇంకో కంగారు తగిలించాం.

అన్నప్రాసననాడు ఇంట్లో పెద్ద జనం లేరు. మా బిడ్డ, అల్లుడు, వియ్యపురాలు, మేమిద్దరం. చెప్పిన వేళకే ఆ పిల్ల పెట్టెతో దిగింది. కళ్లు చూస్తే సరిగా నిద్రపోలేదని తెలుస్తోంది. గదిలోకి పోయి ఆయనకు చెయ్యి తొడిగింది, దాని మీద తొడుగు వేసింది. ఆయన కొత్త అంగీ వేసుకుని బయటకు వచ్చాడు. మా బిడ్డ పాపను ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చుంది. పచ్చ లంగా, నుదుట పెద్ద బొట్టు, నోట్లో తన పిడికిలి. నేను పొయ్యి మీది నుంచి దింపిన పరమాన్నం వెండి గిన్నెలో పోసి తెచ్చాను. ఆ పిల్ల గోడ పక్కన నిలబడి ఫోను ఎత్తింది.

ఆయన ఉంగరాన్ని మిషను వేళ్లతో పట్టుకున్నాడు. నేను నోరు తెరిచి కూర్చున్న రోజుల్లో ఎంత నెమ్మదిగా పట్టేవాడో అంతే నెమ్మదిగా. పరమాన్నంలో ముంచి చెయ్యి ముందుకు చాపాడు. పాప ఆ నల్లటి వేళ్ల వైపు గుడ్లప్పగించి చూసింది. సన్నగా మోటారు చప్పుడైంది. ఆయన ఇంకా ఏమీ చేయకుండానే వేళ్లు బిగిశాయి, విడిపోయాయి, మళ్లీ బిగిశాయి. ఉంగరం చాప మీద పడింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పాప మొహానికి జానెడు దూరంలో ఆ వేళ్లు తమంతట తాము తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. ఆయన చెమటలు కక్కుతున్నాడు.

"మళ్లా చూడండ్రి అంకుల్, భుజం వదులు చేయండ్రి" అంది ఆ పిల్ల.

మళ్లీ చూశాడు. మళ్లీ అంతే. ఈసారి మా బిడ్డ తనకు తెలియకుండానే పాపను గుండెకు హత్తుకుని వెనక్కి జరిగింది. అది ఆయన చూశాడు. నేను కూడా చూశాను, చూడకుండా ఉంటే బాగుండుననిపించింది.

"ఎడమ చెయ్యైతే ఏమాయె అన్నా, ముట్టియ్యి. బిడ్డకు తాత చెయ్యి ఏదైతేంది" అంది వియ్యపురాలు. మంచి మనసుతోనే అంది. ఆయన ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఇక లేచి గిర్నికి వెళ్లిపోతాడని నేను అనుకున్నాను. తలుపుకు అడ్డం నిలబడాలా, పోనివ్వాలా అని కూడా ఆలోచిస్తున్నాను.

ఆయన లేవలేదు. ఆ పిల్ల వైపు తిరిగి, "ఏమనుకోకు బిడ్డా. మీది మంచి చెయ్యే. గీ పనికి కాదు" అన్నాడు. తొడుగు లాగేశాడు. ఎడమ చేత్తో పట్టీ విప్పి మిషనును తీసి పక్కన పెట్టాడు. లోపలి గుడ్డ కూడా తీశాడు. తువ్వాల కోసం వెతుకుతాడేమోనని నేను నా కొంగు పట్టుకుని ముందుకు వంగాను. వెతకలేదు.

అందరి ముందూ, కిటికీలోంచి పడుతున్న ఎండలో, ఆ చెయ్యి ఉంది. నేననుకున్నంత భయంగా ఏమీ లేదు. గుండ్రంగా, నున్నగా, చివర ఒక తెల్లటి కుట్టు గీత. మిగతా చేతికన్నా కాస్త తెల్లబడింది, ఎండ చూడక. ఇంతకాలం దీన్నేనా దాచాడు అనుకున్నాను.

"నీళ్లు పొయ్యి" అన్నాడు నాతో.

చెంబుతో నీళ్లు పోశాను. చెయ్యి కడుక్కున్నాడు. నా కొంగుతో తుడుచుకున్నాడు. మా బిడ్డ పాపను ముందుకు వంచింది, ఈసారి వెనక్కి జరగలేదు. ఆయన ఆ గుండ్రటి కొనను వెండి గిన్నెలో పరమాన్నానికి ఆనించి, చటుక్కున పైకి తీశాడు.

"వేడున్నది. జర ఆగుండ్రి" అన్నాడు.

నేను గిన్నెను గుడ్డతో పట్టుకుని తెచ్చాను, వేడి నాకు తెలియలేదు. మాలో ఎవరికీ ఆ ఊసే తట్టలేదు, ఆ నల్లటి వేళ్లకైతే వేడి తెలిసేదే కాదు. ఆ పిల్ల ఫోను ఎప్పుడు దించిందో తెలియదు, గోడకు ఆనుకుని కింద కూర్చుంది. ఆయన గిన్నె మీదికి వంగి ఊదాడు. మళ్లీ ఆనించి చూశాడు. ఇంకా ఊదాడు. పాప పిడికిలి చీకుతూ తాత బుగ్గలు ఉబ్బడం చూస్తోంది. మూడోసారి ఆనించి, "ఇగ మంచిగున్నది" అన్నాడు.

పరమాన్నం అంటిన ఆ చేతిని పాప పెదవులకు తాకించాడు. పాప ఒక్క క్షణం ఆలోచించి, రెండు చేతులతో ఆయన ముంజెయ్యి పట్టుకుని, బోసి చిగుళ్ల మధ్య ఇరికించుకుని చీకడం మొదలుపెట్టింది. వదలడం లేదు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని నేను పక్కకు వెళ్లి కూర్చుని మొహంలోకి చూశాను. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"సక్కిలిగిలైతుందే" అన్నాడు నాతో.